పక్క కుర్చీలో పెద్దల్లుడు

ఆ శనివారం హెన్రీ మాష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏలూరులో బస్సెక్కి పెదపాడులో దిగడం, కైకలూరు నుంచి తెప్పించిన కొర్రమేనును అత్తగారి చేతిలో పెట్టడం, "అయ్యో, మీకెందుకండీ శ్రమ, అల్లుడుగారూ!" అనిపించుకోవడం.

అలా అనిపించుకుని చాలా కాలమైంది. రెండో అమ్మాయి రూబీని పైలట్ వెస్లీకి ఇచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో అల్లుడుగారంటే వెస్లీయే. పెద్దల్లుడు ఉత్త హెన్రీగారైపోయాడు. అదైనా సహించేవాడేమో. ఇన్నాళ్లూ రెక్కలకు పంకాలు తిరిగే చిన్న విమానం నడిపిన తోడల్లుడు ఇప్పుడు పెద్ద జెట్టు నేర్చుకుంటున్నాడు. పరీక్షకు చదువుకోవడానికి సెలవు పెట్టి అత్తవారింట్లోనే మకాం వేశాడు. కడుపుమంటకు ఇంతకన్నా ఏం కావాలి?

గుమ్మంలోనే అత్తగారు నిర్మలమ్మ నోటిమీద వేలు పెట్టింది. "నెమ్మదండీ హెన్రీగారూ! అల్లుడుగారు చదువుకుంటున్నారు. ఆ చేప పెరట్లో పెట్టేయండి."

పెరట్లోకి వెళ్లిన హెన్రీ ఉండబట్టలేక కిటికీలోంచి తొంగి చూశాడు. లోపల వెస్లీ కుర్చీలో కూర్చుని కిటికీ పక్క గోడకేసి తదేకంగా చూస్తున్నాడు. గాలిలోకి చేతులు చాచి ఏదో తిప్పుతున్నాడు, ఏదో లాగుతున్నాడు. పక్కనున్న ఖాళీ కుర్చీని ఇంగ్లీషులో ఏదో అడిగి, జవాబు కోసం ఆగి, తల ఊపుతున్నాడు.

హెన్రీకి గుండె గుభేలుమంది. ఆ వెంటనే, దేవుడు క్షమించుగాక, ఎంతో హాయిగా కూడా అనిపించింది.

అటునుంచటే పక్క వీధికి పోయి, స్త్రీల సమాజం నాయకురాలు జ్ఞానప్రసూనాంబ చెవిన వేశాడు. "చదువు ఎక్కువై మతి చలించినట్టుందండీ పాపం. ఎవరితోనూ అనకండి. ప్రార్థనలో పెట్టుకోండి, చాలు."

చాడీ అయితే వినడానికి కొందరైనా మొహమాటపడతారు. ప్రార్థన అంశమైతే వినకపోవడమే పాపం. మధ్యాహ్నానికి పెదపాడులో వెస్లీ ఉద్యోగం ఊడింది. కబురు కైకలూరు చేరేసరికి అతను జెట్టును ఏకంగా కొల్లేట్లో దింపేశాడు, రెండు చేపల చెరువుల గట్లు కూడా తెగ్గొట్టాడు. సాయంత్రానికి మత్తయి పాస్టరుగారు ప్రార్థన చేసి నుదుట రాసే నూనె సీసాతోనూ, వెనకాల సమాజమంతా పాటల పుస్తకాలతోనూ దిగారు. సంగతి విని నిర్మలమ్మ బావురుమంది. మామగారు నిత్యానందం తలుపు తోసేశారు.

లోపల వెస్లీ "ఇంజిన్ ఫైర్!" అని అరుస్తూ గోడను గుద్దుతున్నాడు. పాస్టరుగారు ఒక అడుగు వెనక్కి వేశారు.

అప్పుడు కనిపించింది, కిటికీ పక్కన గోడకు అతికించిన నిలువెత్తు కాగితం. జెట్టు కాక్‌పిట్‌లోని మీటలన్నీ దానిమీద అచ్చేసి ఉన్నాయి.

"ఇలాగే ప్రాక్టీసు చెయ్యాలండీ," అన్నాడు వెస్లీ బిత్తరపోయి. "చూడకుండానే చెయ్యి మీట మీదికి వెళ్లిపోవాలి. పక్కన రెండో పైలట్ ఉండాలి గానీ, ఎవరూ లేక ఇద్దరి మాటలూ నేనే అనుకుంటున్నా."

"మరి మతి చలించిందని చెప్పిందెవరు?" అన్నారు నిత్యానందం.

"ప్రార్థన విన్నపం ఎవరిదో బయటపెట్టకూడదు గానండీ..." అంటూ జ్ఞానప్రసూనాంబ హెన్రీ వైపే చూసింది.

హెన్రీ గబుక్కున అందుకున్నాడు. "అబ్బే, ఒక్కడూ అవస్థ పడుతున్నాడని... పక్కన నేను కూర్చుందామనే..."

"నిజంగానా అన్నయ్యగారూ!" వెస్లీ రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

ఇక తప్పలేదు. రోజూ బడి వదలగానే హెన్రీ పెదపాడు వచ్చి, పుస్తకం పట్టుకుని ఆ పక్క కుర్చీలో కూర్చునేవాడు. తోడల్లుడి తప్పు పట్టుకోవడంలో ఉన్న ఆనందం అతనికి లెక్కల పేపర్లు దిద్దడంలో ఏనాడూ దొరకలేదు. "అది కాదు! పైన మీట! మళ్లీ మొదటినుంచి!" అని ఇల్లెగిరిపోయేలా కేకలు వేసేవాడు. అసూయ అంత శ్రద్ధగా చదువు చెబుతుందని ఎవరూ అనుకోరు. వారం తిరిగేసరికి ఆ మీటలన్నీ హెన్రీకే కంఠతా వచ్చేశాయి.

వెస్లీ పరీక్ష నెగ్గాడు. "అంతా అన్నయ్యగారి చలవే," అని ఫోన్లో మరీమరీ చెప్పాడు. కృతజ్ఞతా కూడికకు హెన్రీ కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. "పెద్దల్లుడుగారూ, మీరు ముందు కూర్చోవాలండీ," అని నిర్మలమ్మ స్వయంగా చాప వేసింది. హెన్రీ కళ్లు చెమర్చాయి.

పాస్టరుగారు కళ్లు మూసుకుని గొంతెత్తారు. "ప్రభువా, ఏనాడూ విమానం ఎక్కని హెన్రీ మాష్టారికి సైతం జెట్టు నేర్పగలిగినంత జ్ఞానం మా వెస్లీకి ఇచ్చావు. నీకు స్తోత్రం!"

అందరితోపాటు హెన్రీ కూడా ఆమెన్ అనవలసి వచ్చింది.