ముద్ర పడిన పాస్‌వర్డు

మా తూనికల కార్యాలయంలో పాస్‌వర్డుల బలాన్ని పరీక్షించే మహత్కార్యం నిర్విఘ్నంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఒక్క ముక్కే: సిబ్బంది పాస్‌వర్డుల్లో బలముందో లేదో తేల్చండి. వేరే కార్యాలయమైతే ఆ పని ఏ కంప్యూటరుకో వదిలేసి చేతులు దులుపుకునేది. మాది అలాంటి ఇల్లు కాదు. ప్రతి కాటానూ కళ్లారా చూసి, రాళ్లు పెట్టి తూచి, ముద్ర కొడితే తప్ప నమ్మని వంశం. కాబట్టి ప్రతి ఉద్యోగీ తన పాస్‌వర్డును హాల్లో అందరి ముందూ పైకి చదివి, అక్కడికక్కడే కంప్యూటరులో కొట్టి చూపాలని, అంతవరకు ఎవరూ మార్చుకోరాదని అధికారిగారు ఆదేశించారు.

"రహస్యం కదండీ," అని లెక్కల గుమాస్తా నసిగారు.

"చూడకుండా తూచేదెలాగయ్యా? రహస్యమైతే మనమంతా కలిసే కాపాడుకుందాం!"

చప్పట్లు మోగాయి.

ప్రాణం మీదికొచ్చింది మాత్రం టైపిస్టమ్మకు. ఏళ్ల తరబడి తాత్కాలికపు కొలువు. ఆమెను పర్మనెంటు చేసే కాగితం హాల్లోనే, అధికారిగారి బల్ల మీదే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. ఆమె పాస్‌వర్డేమో "ఖాళీతక్కెడ పీడవిరగడ". ఖాళీతక్కెడ ఎవరి ముద్దుపేరో కార్యాలయంలో ఒక్కరికి తప్ప అందరికీ తెలుసు. ఆ ఒక్కరెవరో మీకు వేరే చెప్పక్కర్లేదు. బరువేమీ లేకుండానే పైకి లేచి ఊగడం వారి ప్రత్యేకత.

పరీక్ష మొదలైంది. గుమాస్తా "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అన్నారు. తక్కువ తూకమని తిరస్కరించారు. స్టోర్‌కీపరు తన చిన్నకూతురి ముద్దుపేరు చదివి కళ్లొత్తుకున్నారు. మమకారం ఉంది గానీ బలం లేదని తేల్చారు. ముద్ర కొట్టాల్సిన ఇన్‌స్పెక్టరు ప్రతిసారీ సుత్తి ఎత్తడమే తప్ప కొట్టే పని పడక, భుజం పట్టేసి కూర్చున్నారు. టైపిస్టమ్మ వంతు వచ్చింది.

"సార్, నాది... ఇంట్లో అనుకునే మాటండీ. వద్దులెండి."

"ఆఫీసు కూడా ఇల్లే అనుకో తల్లీ. చదువు."

చదివింది. స్టోర్‌కీపరుకు మంచినీళ్లు పొలమారాయి.

"ఎవరమ్మా ఈ ఖాళీతక్కెడ?"

టైపిస్టమ్మ చూపు బల్ల మీది కాగితం మీద పడింది. "మా... మా మామగారండీ."

అధికారిగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "అయ్యో పాపం! అలాంటి మనిషితో ఎలా వేగుతున్నావమ్మా?"

"అలవాటైపోయిందండీ," అంది, తల దించుకుని.

ఆయన మనసు కరిగింది. కాగితం మీద సంతకం అక్కడికక్కడే పడింది. ఆ వెంటనే లేచి ప్రసంగించారు: "మిత్రులారా! కడుపుమంటలోంచి పుట్టిన మాటను ఎవడూ ఊహించలేడు, అన్నవాళ్లు ఎన్నటికీ మరువలేరు! బలమంటే ఇదీ!" ఇన్‌స్పెక్టరు లేని ఓపిక తెచ్చుకుని ముద్ర కొట్టారు.

ఇంత బలమైన పాస్‌వర్డు ఒక్కరి దగ్గరే ఉండిపోవడం అన్యాయమని, అధికారిగారు దాన్నే కార్యాలయమంతటికీ వర్తింపజేశారు. మరిచిపోకుండా పెద్దక్షరాలతో రాయించి తమ కుర్చీ వెనక గోడకు కట్టించారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆయన ఒంటి వేలితో అక్షరం అక్షరం కొడుతూ పైకి చదువుతారు. మేమంతా ఆయన కేసి చూస్తూ, భక్తిగా అందుకుంటాం. ఆ ఒక్క ముచ్చట కోసం, ఏనాడూ వేళకు రానివాళ్లు కూడా వేళకు వస్తున్నారు. టైపిస్టమ్మ మామగారు మాత్రం పాపం, ఏ పాపమూ ఎరగని మనిషి.

నవ్వుతున్నారా? నవ్వండి. మీ కింద పనిచేసేవాళ్లు, మీ ఇంట్లోవాళ్లు పొద్దున్నే ఏ మాట కొట్టి పని మొదలుపెడుతున్నారో ఎప్పుడైనా అడిగి చూశారా?

వద్దులెండి, అడక్కండి. పాస్‌వర్డు రహస్యంగా ఉంటేనే అందరికీ క్షేమం.