తోడల్లుడి దరఖాస్తు

ఆ శనివారం మురారి పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఇంటి ముందు రాలిన మేపుల్ ఆకులు ఊడ్చి సంచుల్లో నింపడం, ఆపైన రెండు పెసరట్లు తిని ముసుగు తన్నడం. కొలంబస్‌లో నవంబరు వచ్చిందంటే ఇంతకు మించిన ఆశలు ఎవరూ పెట్టుకోరు. మూడో సంచి నిండకముందే, ఉదయం ఏడున్నరకు, తోడల్లుడు చక్రధర్ చంకలో లాప్‌టాప్‌తో కారు దిగాడు.

"తమ్ముడూ, ఆకులెక్కడికీ పోవుగానీ నా రెజ్యూమే కాస్త రాసిపెట్టు. తొమ్మిదికి రాహుకాలం. ఈలోపే పంపించెయ్యాలి."

"ఏ కంపెనీకి అన్నయ్యా?"

"ఖాయమయ్యాక చెప్తాలే. ముందే చెబితే దిష్టి."

మురారి మళ్ళీ అడగలేదు. అత్తవారి వైపు ఉద్యోగం, వీసా, కడుపు, ఈ మూడూ పక్కా అయ్యేదాకా మూడో మనిషికి తెలియనివ్వరు. తన కంపెనీ గ్రీన్‌కార్డు పని మొదలుపెట్టిందన్న సంగతిని మురారి కూడా ఆ నియమం ప్రకారమే చక్రధర్ దగ్గర దాచాడు. పైగా చక్రధర్ పద్దెనిమిదేళ్ళ క్రితం వచ్చి, నిరుడే పౌరసత్వం పుచ్చుకుని, చేతిలో జెండాతో ఫోటో దిగి హాల్లో గోడకు పెట్టుకున్నవాడు. మురారిని ఇప్పటికీ "నిన్నగాక మొన్న వచ్చినవాడు" అంటాడు. ఆగస్టులో ఉద్యోగం ఊడినా ఆ పెద్దరికం మాత్రం ఊడలేదు.

అలాంటి మనిషి ఆ రోజు కుర్చీ లాక్కుని, "నీది పక్కన పెట్టుకుని నాది రాయి. ఇప్పుడు నీలాంటివాళ్ళకే గిరాకీ," అన్నాడు. మురారి పొంగిపోయాడు. చక్రధర్ ఒకప్పుడు ఇన్సూరెన్సు క్లెయిముల లెక్కలు తేల్చే పాత సాఫ్ట్‌వేర్ మీద ఆరేళ్ళు పనిచేశాడు. అబద్ధం ఒక్కటీ రాయకుండానే ఆ ఆరేళ్ళనీ మురారి తళతళ తోమి, పైన తనకెంతో ఇష్టమైన వాక్యం కూడా తగిలించాడు: "మూడు నెలలుగా మూలుగుతున్న క్లెయిములను మూడు రోజుల్లో తేల్చగలను." ఎనిమిదీ యాభైకి దరఖాస్తు వెళ్ళిపోయింది.

సోమవారం ఆఫీసు వంటగదిలో, మైక్రోవేవ్ పక్క గోడకు ఒక కాగితం వెలిసింది. పక్క సీటు డెబ్రా కళ్ళజోడు సవరించుకుని చదివి, కెవ్వుమంది.

"మురారీ, ఇది నీ ఉద్యోగం కాదూ? జీతంతో సహా గోడకెక్కించేశారేంటయ్యా!"

"చట్టం, డెబ్రా. పేపర్లో కూడా వేశారు. నా పని చెయ్యగల పౌరుడెవరూ దొరకలేదని తేలితేనే నా ఫైలు ముందుకెళ్తుంది."

"దొరికితే?"

"దొరక్కూడదనే మొక్కుకున్నా."

"సరే, దొరకలేదనుకో. కార్డు ఇచ్చేస్తారా?"

"లైన్లో నిలబడనిస్తారు."

"ఎంతసేపూ?"

"ముప్ఫై ఏళ్ళని కొందరు, యాభై అని కొందరు. లాయరైతే నవ్వి ఊరుకుంటాడు."

డెబ్రా అతని భుజం మీద చెయ్యి వేసింది. ఏ దేశమూ ఇలాంటి నియమం పెట్టుకోదని ఆవిడకు గట్టి నమ్మకం. "పిచ్చి నాయనా, నిన్ను తీసేస్తున్నారు. మొహం మీద చెప్పలేక ఈ కథ అల్లారు," అని కళ్ళొత్తుకుంటూ వెళ్ళింది.

ఆవిడ నమ్మకపోయినా అది నిజమే. మురారి వర్కు వీసా మీద వచ్చి ఐదో ఏడు నడుస్తోంది. ఏప్రిల్ ఒకటిలోగా ఈ ఫైలు ప్రభుత్వానికి చేరకపోతే ఆ పైన వీసా పొడిగించరు. అంటే ఇల్లు, కారు, మూడో తరగతి చదువుతున్న కూతురు ఆద్య స్నేహితులు, అన్నీ ఇక్కడే వదిలి పెట్టెలు సర్దుకోవాలి. ఆ తారీఖు తలచుకున్నప్పుడల్లా మురారికి అన్నం సహించదు.

బుధవారం మేనేజరు గ్రెగ్ మురారి బల్ల మీదికి వంగి, గుసగుసగా అన్నాడు. "లాయరు నీకు చెప్పొద్దన్నాడుగానీ కడుపు ఉబ్బిపోతోందయ్యా. ఒక దరఖాస్తు వచ్చింది. అచ్చు నువ్వే! 'మూడు నెలలుగా మూలుగుతున్న క్లెయిములు' అంటాడేంటి! ఎవడోగానీ బ్రహ్మాండంగా రాశాడు. శుక్రవారం రమ్మన్నాను. పేరే నోరు తిరగడం లేదు. చక్రా... ఏదో."

మురారి చేతిలోని సాంబారు డబ్బా ఒలికింది.

లాయరుకు ఫోన్ చేస్తే ఆయన మొదటే చెప్పిన మాట మళ్ళీ చెప్పాడు. దరఖాస్తుదారుతో ఈ ఉద్యోగం గురించి ఒక్క ముక్క మాట్లాడినా ఫైలు చెత్తబుట్టలోకే. రమ్మనకూడదు, వద్దనకూడదు. మురారి సాయంత్రం దాకా ఆలోచించి, వద్దనకుండానే వద్దనిపించాలని ఒక జిలేబీ పొట్లంతో చక్రధర్ ఇంటికి చేరాడు.

"ఏంటో అన్నయ్యా, మా ఆఫీసంటేనే విరక్తి పుడుతోంది," అని నిట్టూర్చాడు.

చక్రధర్ జిలేబీ నోటి దాకా వెళ్ళి ఆగింది. "అంత బాలేదా?"

"కాఫీ కషాయంలా ఉంటుంది. కారు పెట్టిన చోటి నుంచి మైలు నడక. ఇక మా గ్రెగ్ ఉన్నాడే, మనిషి కాడు, పులి!"

"మరి నువ్వెందుకున్నావ్?"

ఆ ప్రశ్న వస్తుందని మురారి ఊహించలేదు. "ఏదో... ఎన్నాళ్ళుంటానో," అని గొణిగి లేచాడు.

మురారి కారు ఇంటికి చేరేలోపే ఆ మాట ఫోన్లో చేరింది. గుమ్మంలోనే భార్య హిమబిందు నిలబడి ఉంది.

"నీ ఉద్యోగం పోతోందా? మా అక్క చెబితే తెలియాలా నాకు? బావ అన్నం కూడా తినలేదట! ఆద్యని పియానో మాన్పించాలా? చిన్న ఇల్లు చూసుకోవాలా?"

మురారి ఆమెను కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాడు. రెజ్యూమే దగ్గరికి వచ్చేసరికి ఆమె నుదురు కొట్టుకుంది.

"నువ్వే రాశావా!"

"మెచ్చుకున్నాడే..."

"పదేళ్ళ కాపురంలో నేనూ ఒకసారి మెచ్చుకున్నాను. ఇంతగా కొంప మునగలేదు."

పక్కగదిలో ఆద్య వచ్చే సంవత్సరం స్కూలు నాటకంలో తన వేషం గురించి బొమ్మలకు వివరిస్తోంది. అది వింటుంటే మురారికి నిజంగానే ఏడుపొచ్చింది.

శుక్రవారం పదింటికి వంటగది నిండా జనం. బల్ల మీద డెబ్రా చేసుకొచ్చిన చాక్లెట్ కేకు, దాని మీద తెల్లటి క్రీముతో "వెళ్ళిరా మురారీ!" అని రాత. మురారి ఎంత వద్దన్నా వినకుండా ఆవిడ అతన్ని కావలించుకుని భోరుమంది. సరిగ్గా అప్పుడే, సూటు వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, చక్రధర్ ఆ దారిన వచ్చాడు. ముందు కేకు చూశాడు. తర్వాత గోడ మీది కాగితం చూశాడు. ఆ తర్వాత మురారిని చూసి, గ్రెగ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

అద్దాల గది కనుక మనుషులు కనిపిస్తారు, మాట వినిపించదు. చక్రధర్ చేతులు తిప్పుతున్నాడు. గ్రెగ్ ముందు నోరు తెరిచాడు, తర్వాత ముక్కు చీదాడు. తన వీడ్కోలు కేకు ముక్క తానే పట్టుకుని మురారి నలభై నిమిషాలు నిలబడ్డాడు.

చివరికి గ్రెగ్ బయటికొచ్చి మురారి చెయ్యి పట్టుకున్నాడు. "మీ అన్న దేవుడయ్యా! 'నా తమ్ముడు కూర్చున్న కుర్చీ నాకొద్దు. పోతున్న తన ఉద్యోగానికి నా దరఖాస్తు కూడా వాడే రాసిపెట్టాడు, వాడి కంచంలో అన్నం నేను లాక్కోను,' అని కాగితం మీద రాసి సంతకం పెట్టేశాడు. నిన్నెవరూ తీసెయ్యడం లేదని చెప్పినా వినడే! ఇక తగిన పౌరుడు దొరకనట్టే. నీ ఫైలుకు ఢోకా లేదు."

మురారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ మనిషినా తాను జిలేబీలతో బెదరగొట్టాలనుకున్నది?

"అన్నట్టు నేను పులినన్నావట," అన్నాడు గ్రెగ్ సిగ్గుపడుతూ. "మా ఆవిడకి కూడా మెసేజ్ పెట్టేశాను. ఇంకో సంగతి. జనవరిలో నేను సిన్సినాటి ఆఫీసుకు మారిపోతున్నా. నా కుర్చీకి మనిషి కావాలి. 'ఇంతకంటే పెద్దదేమైనా ఉంటే చూస్తాను,' అన్నాడు మీ అన్న. అలాంటి గుండె ఉన్నవాణ్ణి వదులుకుంటానా?"

ఆ రాత్రి హిమబిందు పాయసం చేసింది. చక్రధర్ మూడు గిన్నెలు తాగాడు. దిష్టికి భయపడి దాచిన గుట్లన్నీ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకున్నాక, అతను మురారి వీపు తట్టాడు. "ఇక నీ కార్డు నా బాధ్యత తమ్ముడూ!"

జనవరి మూడో వారానికి, ఏప్రిల్ ఒకటి గడువు ఇంకా రెండు నెలల పైనే ఉండగా, లాయరు ఫైలంతా సిద్ధం చేశాడు. ప్రభుత్వానికి పంపడానికి కావలసింది ఒక్కటే, పై అధికారి సంతకం. మురారి కాగితాలూ, మూత తీసిన పెన్నూ పట్టుకుని గ్రెగ్ గదిలోకి, అంటే చక్రధర్ గదిలోకి వెళ్ళాడు.

"ఇదిగో అన్నయ్యా, ఇక్కడ."

చక్రధర్ పెన్ను అందుకుని, ఆగి, ఫోన్లో పంచాంగం తెరిచాడు. కాసేపు వేలితో పైకీ కిందికీ జరిపి, పెన్నుకు మూత పెట్టేశాడు.

"యాభై ఏళ్ళ లైనుకు శంకుస్థాపన రా ఇది. మూఢంలో పెట్టమంటావా? చూస్తూ చూస్తూ నీకు అన్యాయం చెయ్యలేను."

మూఢం మార్చి ముప్ఫయ్యొకటి సాయంత్రానికి విడుస్తుంది.