టైలరు గారు చేసిన షెల్ఫు

కుక్క పోయిన దగ్గర్నుంచి టైలరు గారి భార్య నవ్వడం మానేసింది. అంతకుముందే కుందేలు, దానికి ముందు చిలక పోయాయి. మూడింటి ఫోటోలూ బీరువాలో బట్టల కింద దాచుకుని, రోజుకోసారి తీసి చూసుకునేది. ఆ ఉదయం ఆమె చెల్లెలింటికి వెళ్లగానే టైలరు గారు దుకాణం మూసేశారు. సాయంత్రంలోగా ఆ ఫోటోలకు తన చేత్తో ఓ చెక్క షెల్ఫు చేసిపెట్టాలని ఆయన ఆలోచన. అది చూసైనా ఆమె ఒక్కసారి నవ్వకపోతుందా అని ఆశ.

ముప్పై ఏళ్లుగా గుడ్డ కొలిచిన చెయ్యి, అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రతి పలకకూ కుట్టు కోసం రెండంగుళాలు, పిల్లలు ఎదుగుతారని ఇంకో రెండంగుళాలు వదిలారు. చనిపోయిన కుందేలు ఇంకెంత ఎదుగుతుందో ఆయనకే తెలియాలి. పలకలు కుదరక, పొట్టిదానికి అతుకు వేసి, ఆ అతుక్కి సరిపడా మిగతావి పెంచుకుంటూ పోయేసరికి, మధ్యాహ్నానికి గుమ్మం ముందు ఆరడుగుల పెట్టె వెల్లకిలా పడి ఉంది.

ఎదురుగా ఇస్త్రీ చేసే ఆయన అది చూశాడు. మనిషి పొడవు పెట్టె. రంపప్పొట్టు పడి ఎర్రబడ్డ టైలరు గారి కళ్లు. పొద్దుటినుంచి ఇల్లాలి జాడ లేదు. ఏమైందని అడగడానికి నోరు రాలేదాయనకు.

"ఎప్పటికవుతుందండీ?" అన్నాడు గొంతు తగ్గించి.

టైలరు గారు నోట్లోంచి మేకులు తీసి, "సాయంత్రానికల్లా అవ్వాలి. మా ఆవిడ కోసమే. నా చేత్తో నేనే చేయాలనిపించింది," అన్నారు.

ఇస్త్రీ ఆయన పని అక్కడే వదిలేసి వీధంతా చెప్పొచ్చాడు.

ఆమె తిరిగొచ్చేసరికి ఇంటిముందు జనం. తన పనితనం చూడ్డానికే ఇంతమంది వచ్చారనుకుని టైలరు గారు మురిసిపోతున్నారు. కుళాయి దగ్గర రోజూ ఆమెతో గొడవపడే పక్కింటావిడ అందరికంటే వెనక నిలబడి ముక్కు చీదుకుంటోంది.

"ఏమైందండీ ఇక్కడ?" అని ఆమెను వెనకనుంచి అడిగింది టైలరు గారి భార్య.

"టైలరు గారి భార్య పోయిందమ్మా," అంది పక్కింటావిడ, వెనక్కి తిరక్కుండానే. "బంగారంలాంటి మనిషి. నన్నేనాడూ పల్లెత్తు మాట అనలేదు. తప్పంతా నాదే. వరస తప్పించి బిందె ముందు పెట్టేదాన్ని నేనే."

"ఈ మాట నిన్న చెప్పుంటే బావుండేది కదా వదినా?"

పక్కింటావిడ తిరిగి చూసి, జనాన్ని తోసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి పెట్టెలో కూలబడింది.

"కాస్త జరిగి కూర్చోండమ్మా, అది కుక్క ఫోటోకి," అన్నారు టైలరు గారు.

భార్య టైలరు గారిని చూసింది, పెట్టెను చూసింది. గోడ పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నాలుగు నెలలుగా ఆ నవ్వు కోసం మొహం వాచిపోయిన టైలరు గారికి ప్రాణం లేచొచ్చింది.

షెల్ఫు ఏ గోడకూ పట్టలేదు గానీ, హాల్లో నేలమీద నిలబడింది. మూడు ఫోటోలూ అందులో విశాలంగా ఉన్నాయి. పక్కింటావిడ మాత్రం మర్నాటినుంచి బిందె పట్టుకుని వరస చివర నిలబడుతోంది.