ఈజిప్టు ఏతం

నాగరికతలు నదుల ఒడ్డున పుడతాయని చరిత్ర చెబుతుంది. నిబంధనలు మాత్రం హనుమకొండలో, ఫ్యాను కింద పుడతాయి.

1978లో అక్కడ 'ప్రాచీన జలోద్ధరణ పద్ధతుల ప్రవేశ విభాగం' అనే కార్యాలయం అలాగే పుట్టింది. దాని అధికారి కిషన్ రావు. వేల ఏళ్ల కిందట ఈజిప్టు రైతులు చేలకు నీళ్లెలా పెట్టారో ఆయన ఢిల్లీ వెళ్లి నేర్చుకొచ్చాడు (ఈజిప్టుదాకా పంపే పద్దు లేదు). ఆ విద్య ప్రదర్శించడానికి ఒక చేను కావలసివచ్చింది. మడికొండలో రాయమల్లు మిరపతోట ఆయన కంటబడింది.

రాయమల్లుకు బావి ఉంది, బావి మీద ఏతం ఉంది. పొడుగాటి దూలం, ఒక కొసకు బండరాయి, ఇంకో కొసకు బొక్కెన. విదేశీ యంత్రం ఊరికే పెడతామనేసరికి మనిషి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. చాయ్ హోటల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పాత పరికరం ఉన్నచోట కొత్తది పెట్టరాదన్నారు కార్యాలయం వాళ్లు. అదెంత పని అనుకుని ఏతాన్ని తన చేత్తోనే పీకేశాడు. దూలాన్ని కార్యాలయం స్వాధీనం చేసుకుంది.

వారం తిరక్కుండా లారీలోంచి యంత్రం దిగింది. పొడుగాటి దూలం, ఒక కొసకు బండరాయి, ఇంకో కొసకు బొక్కెన.

రాయమల్లు భార్య మొగిలమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. "సారూ, ఇది మన ఏతమే గద!"

"కాదమ్మా. దీన్ని షాదూఫ్ అంటరు. చూడు, నంబరు పలక గూడ ఉన్నది," అన్నాడు కిషన్ రావు.

పలక ఉన్నమాట నిజమే.  ఏదైతేనేం, నీళ్లు తోడితే చాలనుకుని రాయమల్లు తాడు మీద చెయ్యి వేశాడు. వెంటనే చెయ్యి తీయించారు. ప్రారంభోత్సవం కానిదే ప్రభుత్వ యంత్రాన్ని ముట్టరాదు. ఈజిప్టు సంప్రదాయం ప్రకారం నైలు నదికి వరద వచ్చి తీశాకే ప్రారంభోత్సవం.

చెట్లు నిండా పూత మీద ఉన్నాయి. వరంగల్ మార్కెట్‌కు పోయే ఆ మిర్చే ఇంటికి ఏడాది తిండి. మొగుడూ పెళ్లాం కడవలతో నీళ్లు మోశారు. ఒక సాలు తడిపేలోగా పక్క సాలు వాడిపోయేది. పూత రాలుతుంటే రాయమల్లుకు ఏడుపొచ్చేది. తన మీద తనకే కోపమొచ్చేది.

చివరికి బస్సెక్కి హనుమకొండ పోయాడు. కార్యాలయం ముందు సైకిల్ స్టాండ్ రేకులను తన దూలమే మోస్తోంది. ఒకసారి దాన్ని నిమిరి లోపలికి నడిచాడు.

"సార్, నైలు నది ఎప్పుడు పొంగుతది? తోట ఎండిపోతాంది."

"ఫికర్ జెయ్యకు రాయమల్లూ. ఈజిప్టోళ్లను అడగమని పైకి రాసినం."

"జర నా దూలమన్న ఇయ్యుండ్రి."

"ఎట్లిస్తం? స్టాండ్ కూలిపోదా?" (వాదనలో బలముంది. రాయమల్లు సైకిల్ వైపు నుంచి ఆలోచించలేదు.)

పైనుంచి జవాబు తాపీగా వచ్చింది. నైలు మీద పెద్ద ఆనకట్ట కట్టారనీ, అప్పటినుంచి వరద రావడమే మానేసిందనీ. దీంతో విభాగం అత్యవసరంగా సమావేశమైంది. చాయ్, బిస్కెట్ల అనంతరం నైలు నదికి వరద నుంచి మినహాయింపు మంజూరు చేసింది.

ప్రారంభోత్సవం నాటికి తోటలో పచ్చనిదంటూ ఏదైనా ఉంటే అది శామియానా. చెట్లు పుల్లలైపోయాయి. నేల నెర్రెలిచ్చింది. పెద్ద అధికారి ఒక బొక్కెన నీళ్లు తోడి మట్టిలో పోశాడు. మట్టి గుటుక్కున మింగింది. ఫొటో తీశారు.

"ఇంకెవరికి తోడుతరు సారూ నీళ్లు?" అంది మొగిలమ్మ. చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినిపించలేదు.

రాయమల్లు మెడలో శాలువా వేసి కిషన్ రావు మైకు అందుకున్నాడు. చేనంతా ఒకసారి తృప్తిగా కలయజూశాడు.

"ఈజిప్టు నుంచి యంత్రం మేం తెచ్చినం. ఎడారి మాత్రం పూర్తిగా మన రాయమల్లు కష్టమే."