సంఘం గుర్తించని ఎద్దులు

పందొమ్మిది వందల పన్నెండో సంవత్సరం, తమిళుల ఆవణి నెలలో ఒక బుధవారంనాడు వేలూరు దగ్గరి గుడియాత్తం పట్టణంలో ఎద్దుల యుగం ముగిసింది. ఈ సంగతి ఎద్దులకు ఎవరూ తెలియజేయలేదు గాని, గుడియాత్తం నాగరికతాభివృద్ధి సంఘంవారి మినిట్సు పుస్తకంలో ఏడో తీర్మానంగా నమోదైంది: "ఇకమీదట ఎద్దుబండి అనే వాహనాన్ని ఈ సంఘం గుర్తించదు." తీర్మానం ఏకగ్రీవం. చేతులెత్తినవారంతా సభ ముగిశాక ఎద్దుబండ్లు ఎక్కి ఇళ్ళకు వెళ్ళారు.

సంఘం బోర్డు ఇంగ్లీషులో ఉండేది. సభ్యుల్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు గాని తెలుగు అక్షరం కూడా చాలామందికి రాదు. అందువల్ల ఆ బోర్డంటే అందరికీ సమానమైన గౌరవం.

అధ్యక్షుడు రంగరాజులు. నేతగాని కొడుకు. నలభై మగ్గాలకు నూలిచ్చి, గళ్ళ లుంగీలు నేయించి, బయటి వర్తకులకు అమ్మేవాడు. కళ్ళు మూసుకుని పోగును వేళ్ళ మధ్య నలిపితే అది ఏ నంబరు నూలో చెప్పగలడు. మనిషి మంచివాడే. ఒక్కటే చిక్కు. తాను గొప్పవాడు కాదన్న సంగతి ఆయనకు బాగా తెలుసు. అది ఊరికి తెలియకూడదని ఆయన పడే తాపత్రయం ఇంతా అంతా కాదు. ఆ తాపత్రయంలోనే మద్రాసులో స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొరగారి వేలంలో కరెంటుతో నడిచే కారు కొన్నాడు.

పొగ లేదు, చప్పుడు లేదు, గుర్రం లేదు. గుడియాత్తంలో కరెంటు కూడా లేదు. ఈ చిన్న లోటును రంగరాజులు అనాయాసంగా పూరించాడు. కారు సీటు కింద ఇరవై నాలుగు బ్యాటరీ జాడీలుండేవి. వాటిని ఊడదీసి, మద్రాసు రైలెక్కించి, అక్కడ కరెంటు పట్టించి, మళ్ళీ రైల్లో తెప్పించేవాడు. అంటే కారు ఇరవై మైళ్ళు నడవాలంటే ముందు దాని ప్రాణం రెండువందల మైళ్ళు రైల్లో తిరిగి రావాలి. ఇంత గొప్ప ఏర్పాటు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదని మనవాళ్ళు చెప్పుకునేవారు. ఆ మాట నిజమే.

ఇలా ఉండగా వేలూరునుంచి కబురు వచ్చింది. పినాంగుకు ఓడల్లో సరుకు పంపే మరక్కాయరు, అంటే తమిళ ముస్లిం వర్తకుడు, ఒకాయన శుక్రవారం వేలూరులో దిగుతున్నాడు. పన్నెండు గంటల రైలుకు నాగపట్నం వెళ్ళిపోతాడు. ఆలోగా మచ్చు గుడ్డలు చూపిస్తే, నచ్చితే, ఆరు నెలలపాటు నలభై మగ్గాలకూ చేతినిండా పని. నచ్చకపోయినా, అందకపోయినా, పాత సరుకే కొట్లో మూలుగుతోంది గనక మగ్గాలు ఆగిపోవలసిందే. నలభై ఇళ్ళ పొయ్యిలు ఆ ఒక్క మూట మీద ఆధారపడ్డాయని వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

మచ్చు గుడ్డలు నేసినవాడు ఆదిమూలం. ఆయన భార్య పచ్చయమ్మ పడుగుకు గంజి పెట్టడంలో పేరు మోసింది. "రైల్లో పోయి వచ్చేయండప్పా, గంటన్నర పని" అన్నాడు ఆదిమూలం. రంగరాజులుకు ఆ మాట బాగానే తోచింది. కాని మరక్కాయరు వాకిట్లో కారు ఆగడం, తాను దిగడం, చూసి మరక్కాయరు కుర్చీలోంచి లేవడం అప్పటికే ఆయన మనసులో జరిగిపోయాయి. జరిగిపోయినదాన్ని రద్దు చేయడం ఎవరికైనా కష్టమే.

గురువారం జాడీలు మద్రాసునుంచి వచ్చాయి. మూతలు తీసి చూస్తే నీళ్ళు తగ్గి ఉన్నాయి. తగ్గితే బాగా వడకట్టిన మంచినీళ్ళు పోయమని వేలంలో చెప్పి ఉన్నారు. చుట్టూ మూగిన నేతగాళ్ళు ఆ సలహా విని జాలిపడ్డారు.

"నూలుకే గంజి లేకపోతే దమ్ము ఉండదే, ఇనప బండికి ఉత్త నీళ్ళు పోస్తే యాడ నడుస్తాది నాయనా?" అంది పచ్చయమ్మ.

నలభై తలలు ఒక్కసారి ఊగాయి. అందరికన్నా ముందు ఊగింది రంగరాజులు తల. బలం అన్న మాట వినగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది గంజే. పాపం, పచ్చయమ్మ పాత బియ్యంతో, పండుగ పడుగుకు పెట్టినంత శ్రద్ధగా గంజి కాచింది. మూడుసార్లు పల్చటి గుడ్డలో వడకట్టింది. ఇరవై నాలుగు జాడీల్లోనూ గొంతుదాకా పోశారు. వడకట్టమన్న షరతును అక్షరాలా పాటించామని కార్యదర్శి జానకిరామన్ మినిట్సులో రాసుకున్నాడు.

శుక్రవారం ఉదయం ఏడు గంటలకు హారతి పట్టి సాగనంపారు. ముందు రంగరాజులు, పక్కన జానకిరామన్, వెనక ఒళ్ళో మూటతో ఆదిమూలం. కారు బ్రహ్మాండంగా కదిలింది. కె.వి.కుప్పం దాటింది. లత్తేరి దగ్గరకు వచ్చేసరికి ముసలివాడు అరుగు మీద చతికిలబడ్డట్టు మెల్లగా ఆగిపోయింది. రంగరాజులు కారు నడిపే పిడి తిప్పాడు. గంట కొట్టాడు. గంట చక్కగా మోగింది. అది కాలితో కొట్టే గంట గనక దానికి కరెంటుతో పనిలేదు.

సీటు ఎత్తి చూశారు. కొన్ని జాడీల్లో గంజి నురగ కట్టింది, కొన్నింటిలో విరిగి ముద్ద కట్టింది. పుల్లటి కంపు గుప్పుమంది. "ఇంకా చిక్కగా పోయాల్సింది" అన్నాడు జానకిరామన్.

అప్పుడు టైము ఎనిమిదింబావు. వేరుశెనక్కాయల బస్తాతో వేలూరు పోతున్న పెరియస్వామి అనే రైతు తన ఎద్దుబండి ఆపాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఏమి సామీ, బండికి ఒళ్ళు బాగలేదా? మూట ఎత్తుకోని నా బండెక్కండి. పదకొండున్నరకంతా వేలూరులో దించేస్తాను."

రంగరాజులు కాలు ఒకటి కారులోంచి బయటికి వచ్చింది కూడా. జానకిరామన్ దాన్ని పట్టుకున్నాడు. ఏడో తీర్మానం ఇంకా రెండు రోజుల పసిది. అధ్యక్షులవారే గుర్తింపులేని వాహనం ఎక్కితే సంఘం ఏమైపోవాలి? ఎక్కాలంటే తీర్మానాన్ని సడలించాలి. సడలించాలంటే సభ జరగాలి. సభకు అయిదుగురుండాలి. ఉన్నది ముగ్గురు. పెరియస్వామి గుర్తింపులేని వాహనం తోలేవాడు గనక లెక్కకు రాడు; అయినా పాపం, బండి ఆపుకుని అక్కడే ఉన్నాడు.

"అయితే నేను ఒకడినే పోతానప్పా" అన్నాడు ఆదిమూలం. "మూట నాకియ్యి. మరక్కాయరు ముందర పరిచి, అన్నీ చెప్పి వస్తాను. నేసినోడిని నేనే గదా."

ఇంతకన్నా మంచి ఉపాయం లేదని రంగరాజులుకు తెలుసు. ఆదిమూలం మూట విప్పితే, ఆ గళ్ళ పొందిక గురించి నాలుగు మాటలు చెబితే, మరక్కాయరు తప్పక ఒప్పుకుంటాడు. అప్పుడు పని తెచ్చినవాడు ఆదిమూలం అవుతాడు. కారు తెచ్చినవాడు మాత్రమే రంగరాజులు అవుతాడు. ఛీ, ఇదేం బుద్ధి అని ఆయన తన్ను తాను తిట్టుకున్నాడు. బాగా తిట్టుకున్నాడు. తిట్టుకున్నాక, "సభ జరగనీ అప్పా, అంతా పద్ధతిగా పోదాం" అన్నాడు.

కొత్త సభ్యుల కోసం రోడ్డు మీద కాపలా మొదలైంది. మొదట మేకలు తోలుకుంటూ పాపాతి అనే ఆమె వచ్చింది. నిబంధనల ప్రకారం ఆడవాళ్ళకు సభ్యత్వం లేదు. ఆ నిబంధన మార్చడానికి కూడా అయిదుగురు కావాలి.

"అయ్యో సామీ," అంది పాపాతి, "ఎద్దులుండాయి, బండి ఉండాది, పొయ్యే దోవ ఉండాది. ఇంకేమి కావాల మీకు?"

సభ్యురాలు కాని వ్యక్తి అడిగినందున ఈ ప్రశ్నను పరిగణించలేదు. ఆమె చాలాసేపు నవ్వి, మేకలను తోలుకుపోయింది.

తొమ్మిదిన్నరకు పక్కనున్న పట్టాల మీద గుడియాత్తంనుంచి వేలూరు పోయే రైలు వచ్చింది. కిటికీల్లో మన ఊరి ముఖాలే. కారు చూసి, ఆగిందని తెలియక, "అబ్బ, ఎంత నిదానంగా నడుపుతున్నాడో చూడు!" అని చేతులూపారు. రంగరాజులు తలపాగా సర్దుకుని గంట కొట్టాడు, చెయ్యి ఊపాడు. ముఖం మీద చిరునవ్వు అలాగే ఉంచి, లోపల మాత్రం, "ఒరే రంగరాజులూ, ఆ మూటను ఆ కిటికీలోకి విసిరినా వేలూరు చేరేది గదరా" అనుకున్నాడు. అనుకోవడం పూర్తయ్యేసరికి రైలు పోయింది.

పదిన్నరకు కల్లుగీసే ఇద్దరు దొరికారు. సభ్యులయ్యారు. తలకు మించిన గౌరవం గనక ముందు ఉపన్యాసం వినవలసి వచ్చింది. జానకిరామన్ కారు మెట్టెక్కి అందుకున్నాడు: "మహాజనులారా! నాగరికత యనునది నడచుచున్నపుడే కాదు, నిలిచియున్నపుడును నాగరికతయే! ఈ శకటము నిలిచినదని పామరులు తలంతురు. కాదు! ఇది వెనుకబడిన లోకము తన్ను అందుకొనుటకై వేచియున్నది!" కొత్త సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆదిమూలం మూటను గట్టిగా పట్టుకుని పొద్దువైపు చూస్తున్నాడు.

పదకొండు దాటాక ఎనిమిదో తీర్మానం నెగ్గింది. పెరియస్వామికి చెందిన రెండు జీవులను ఎద్దులుగా కాక, తాత్కాలిక సహాయకులుగా భావించి, వాటిని అధ్యక్షులవారు అధిష్ఠించిన కారుకు జతపరచవలెను. బస్తా దించుకుని, బండి విప్పేసి, పెరియస్వామి ఎద్దులను కారుకు కట్టాడు. ఇనప కారు, లోపల ముగ్గురు, ఇరవై నాలుగు జాడీల గంజి. ఎద్దులు నురగలు కక్కాయి. వాలు దిగేటప్పుడు రంగరాజులు పిడి పట్టుకుని తానే నడుపుతున్నట్టు ముందుకు వంగాడు.

వేలూరు చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. మరక్కాయరు దిగిన ఇంటి వాకిట్లో కారు ఆగింది. రంగరాజులు దిగాడు. కుర్చీ ఉంది. మరక్కాయరు రైలు వేళయ్యేదాకా గుమ్మంలోనే నిలబడి ఎదురుచూశాడనీ, చివరికి ఇంకో ఊరివాళ్ళ సరుకుకు ఒప్పుకుని రైలెక్కాడనీ ఆ ఇంటివాళ్ళు చెప్పారు. ఆదిమూలం మూట నేల మీద పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. రంగరాజులుకు ఏడుపొచ్చింది. నలుగురూ చూస్తున్నారని దగ్గాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎద్దులు కారును గుడియాత్తం చేర్చాయి. ఊరి బయటే మేళతాళాలు. రైల్లో తిరిగి వచ్చినవాళ్ళు చెప్పిన కబురు విని, కారు వేలూరు వెళ్ళి వచ్చిందని ఊరంతా కదిలింది. దండలు పడ్డాయి. రంగరాజులు ఇక ఆగలేక గట్టిగా చెప్పేశాడు: "పని పోయిందప్పా! నా వల్లనే పోయింది. నాకు బుద్ధి లేక పోయింది!"

"వింటిరా అధ్యక్షులవారి వినయము!" అని జానకిరామన్ అరిచాడు. చప్పట్లతో వీధి దద్దరిల్లింది. పచ్చయమ్మ మాత్రం జనాన్ని తోసుకుని మొగుడి దగ్గరకు వచ్చి, "నిజమేనా? రేపటినుంచి మగ్గం మీద ఏమి ఎక్కించేది?" అని అడిగింది. ఆదిమూలం మూటను ఆమె చేతుల్లో పెట్టాడు.

మగ్గాల మీదున్న పడుగులు ఒక్కొక్కటే అయిపోయాయి. నెల తిరిగేసరికి వీధిలో నూలు చుట్టే ఆసు చప్పుడు లేదు, మగ్గం చప్పుడు లేదు. కొన్ని ఇళ్ళ ఆడవాళ్ళు బీడీలు చుట్టడానికి పోయారు. ఇంతలో సంఘం వార్షికోత్సవం వచ్చింది. కారులో అధ్యక్షులవారి ఊరేగింపు తప్పదు. జాడీలు పనికిరాకుండా పోయాయి. ఎద్దులనిమ్మంటే, ఈ జన్మలో ఇవ్వనన్నాడు పెరియస్వామి. జానకిరామన్ లెక్క వేసి చూస్తే, ఊళ్ళో పనిలేని భుజాలు ఎనభై ఉన్నాయి. తీర్మానం చేయవలసిన అవసరం కూడా రాలేదు. అడగకముందే మనవాళ్ళు తాళ్ళు పట్టుకున్నారు.

కారు కదిలింది. చప్పుడు లేదు, పొగ లేదు. లోపల దండల మధ్య రంగరాజులు. ముందు తాడు ఆదిమూలం చేతిలో ఉంది. ఆ వీపు ఎముకలు కనబడుతుంటే రంగరాజులుకు కూర్చోబుద్ధి కాలేదు. ముందుకు వంగి, "ఆపు ఆదిమూలం. దిగిపోతానప్పా. నేనూ ఒక చెయ్యి వేస్తాను" అన్నాడు.

ఆదిమూలం హడలిపోయి వెనక్కి తిరిగాడు.

"అయ్యయ్యో, దిగొద్దప్పా! నువ్వు దిగితే మేము ఉత్త బండిని లాగినట్టు అవుతాది. చూసేవాళ్ళు నవ్వరా?"

రంగరాజులు మళ్ళీ కూర్చున్నాడు. వీధికి రెండు వైపులా జనం చేతులు జోడించారు. తాడు పట్టుకునే వంతు తమకెప్పుడు వస్తుందా అని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. ఆ తోపులాటలో ముందు వరసలో ఉన్నది మనమే.