అంకమ్మరావు ఎర్ర బుగ్గలు

యలమందయ్య నోరు మూయించే మగాడు ఈ మండలంలో పుట్టలేదు. వాడు అరవకపోతే అంకమ్మరావు బుగ్గల సంగతి వీధి దాటేదే కాదు.

ఆ పొద్దున అంకమ్మరావు అనుకున్నది ఒక్కటే. భార్య కోటేశ్వరితో వినుకొండ వెళ్లి, నాగేంద్రబాబు గారి మూడెకరాల ఇరవై సెంట్ల మిరప చేను కౌలుకు ఖాయం చేసుకురావాలి. తాగేవాడికి ఆయన చేను ఇవ్వరు. అంకమ్మరావు జన్మలో చుక్క ముట్టలేదు. కానీ రెండేళ్లుగా అతని ముక్కూ బుగ్గలూ కందిపోయి ఉంటున్నాయి. గుంటూరులో చర్మం డాక్టరమ్మ దానికి రొసేసియా అని పేరు చెప్పి, పూత మందు రాసిచ్చింది. పూర్తిగా పోయేది కాదట, అదుపులో పెట్టుకోవాల్సిందేనట.

గడప దాటగానే యలమందయ్య రోడ్డు మీంచి కేకేశాడు. "ఏరా అంకమ్మా, తెల్లారకముందే సీసా ఎత్తావా? మొహం మండిపోతోంది!"

వీధంతా తొంగిచూసింది. సిగ్గుతో బుగ్గలు ఇంకా కందాయి.

"దిష్టి! పాపిష్టి కళ్లు!" అంటూ కోటేశ్వరి మొగుణ్ణి లోపలికి లాక్కెళ్లి, గుప్పెడు ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి నిప్పుల్లో పోసింది.

"ఒసేయ్, సెగ తగలకూడదని చెప్పింది కదే డాక్టరమ్మ!"

"దిష్టి గురించి ఆవిడకేం తెలుసు? కదలకుండా కూర్చో."

ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు. ఇక్కడ ఎదురింటి గేదె కూడా తుమ్మింది.

"దిష్టి లేదులేవయ్యా, పద," అంది కోటేశ్వరి దగ్గుతూ.

బస్సులో ఎండ పక్క సీటే దొరికింది. వినుకొండలో దిగేసరికి అంకమ్మరావుకి కళ్లు ఎర్రబడి, నీళ్లు కారి, దారి కనబడటం లేదు. నాగేంద్రబాబు గారి గుమ్మం అనుకుని గోడకి వెళ్లి గుద్దుకున్నాడు.

వరండాలో యలమందయ్య ఉన్నాడు. వాడూ ఆ చేను కోసమే బండి మీద ముందొచ్చాడు. "తాగుతాడని నేను చెప్పలా బాబుగారూ?"

నాగేంద్రబాబు గారు దగ్గరికొచ్చి "ఊదు" అన్నారు. అంకమ్మరావు ఊదబోయి దగ్గాడు. చొక్కాకి పట్టిన ఘాటుకి ఆయన వరసపెట్టి తుమ్మారు. "ఇదేం సరుకురా బాబూ!"

కోటేశ్వరికి ఒళ్లు మండింది. "మా ఆయన తాగడండీ! అది రొసేసియా అండీ, తాగనివాళ్లకీ వస్తుంది. డాక్టరమ్మ ఎండలో తిరగొద్దంది, సెగ తగలనివ్వద్దంది, కారం తగ్గించమంది. నిరుడు మిరప కళ్లంలో పనిచేసినందుకే మొహం బూరెలా పొంగింది. ఆ వాసన నేను తీసిన దిష్టిదండీ!"

ఆయన మళ్లీ వాసన చూశారు. మిరపే. అంకమ్మరావు భుజం మీద చెయ్యేశారు.

"తప్పుగా అనుకున్నానయ్యా, ఏమనుకోకు. నీ అంత నికార్సయిన మనిషి దొరకడు."

"అయితే చేను..."

"ఎండలో పని, కళ్లంలో కారం. నిన్ను దాంట్లోకి దింపి ఆ పాపం నేను మూటగట్టుకోనా? యలమందయ్యా, నువ్వే చేసుకో."

"టోపీ పెట్టుకుంటానండీ! చల్లపూటే పనిచేస్తానండీ! డాక్టరమ్మ అలా చేసుకోవచ్చంది..."

"ఆరోగ్యం ముందు, అంకమ్మరావూ. మజ్జిగ తాగి వెళ్లండి."

అంకమ్మరావు తాగుబోతు కాదని ఆ రోజు వినుకొండలో రుజువైంది. దానికైన ఖర్చు మూడెకరాల ఇరవై సెంట్లు.