గట్టు దాటని డాన్యూబ్

ఆగండాగండి, ఇది విని వెళ్లండి! టీ చల్లారితే మళ్లీ పెట్టిస్తా.

మా ఆవిడ ఝాన్సీకి జర్మనీలో, మ్యూనిక్‌లో మూడు నెలల ఆఫీసు పని పడింది. మా అత్తగారు ప్రభావతిగారూ, నేనూ చూసొద్దామని వెళ్లాం. ఆవిడది దివిసీమ. నాది బందరు పక్కన గూడూరే గానీ చదువంతా హైదరాబాద్ హాస్టళ్లలో. అంటే నీళ్ల గురించి నాకు తెలిసింది బకెట్టూ, మగ్గూ.

మ్యూనిక్ నుంచి రైల్లో రెండు గంటలు వెళ్తే పాసౌ అని పాతూరు. డాన్యూబ్‌తో కలిపి మూడు నదులు కలిసేచోటు. మూడు రంగుల నీళ్లట! బోటెక్కి చూడాల్సిందేనని నెల రోజులుగా నా గోల.

చిక్కల్లా అత్తగారితోనే. డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు ఆవిడకి ఏడేళ్లు. పడవన్న మాటెత్తితే చాలు, "మీరు వెళ్లిరండి బాబూ" అంటారు. బందరు బీచ్‌కి తీసుకెళ్లినా కారు దిగరు. ఆవిణ్ని ఒడ్డున వదిలేసి ఝాన్సీ రాదు.

అందుకే ప్లాన్ వేశా. రైలెక్కగానే మొదలెట్టా.

"అత్తయ్యగారూ, ఈ డాన్యూబ్ ఉంది చూశారూ, మహా సాధువండీ. వందల ఏళ్లలో ఒక్కసారి కూడా గట్టు దాటలేదు!"

"ఎవరు చెప్పారు?" అంది ఝాన్సీ.

"నెట్లో చూశా."

"ఏ నెట్టు? దోమల నెట్టా?"

అత్తగారు మాత్రం "అలాగా బాబూ" అన్నారు. సగం పడిపోయారనుకున్నా.

బోటు రేవు పాత టౌన్‌హాలు ఎదురుగానే. టికెట్లు కొని తిరిగేసరికి అత్తగారు ఆ టౌన్‌హాలు గోడ ముందు తలెత్తి నిలబడున్నారు. గోడ మీద అడ్డగీతలు. పక్కన అంకెలు: 1501, 1954, 2013.

"ఇవేంటి బాబూ?"

"అవా... మేయర్లు పుట్టిన సంవత్సరాలండీ."

"మరి గీతలేంటండీ, మేయర్ల ఎత్తా?" ఝాన్సీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

అత్తగారు నవ్వలేదు. నన్ను తీసుకెళ్లి 2013 కింద నిలబెట్టారు. గీత నా నెత్తికి బాగా పైన ఉంది.

"ఉప్పెనయ్యాక, నీళ్లు ఎంతెత్తు వచ్చాయో మా నాన్న కూడా బడి గోడ మీద ఇలాగే బొగ్గుతో గీశాడు. ఆ నీళ్లలో పోయిన మా చెల్లెలు గ్రేస్‌కి ఒక్క ఫోటో లేదు బాబూ. ఆ గీతొక్కటే ఉండేది. రెండేళ్లకి ఎవరో సున్నం కొట్టేశారు."

అబద్ధం ఎవరికి చెప్పానో అప్పుడు తెలిసింది.

"సారీ అత్తయ్యగారూ. రైల్లో చెప్పింది..."

"రైల్లోనే తెలుసు బాబూ. దాటని ఏటికి గట్టెందుకు?"

ఆవిడ ఒడ్డుకేసి చూశారు. బల్లల మీద జనం, ఐస్‌క్రీములు, పిల్లల అల్లరి.

"ఇన్నిసార్లు మునిగి, గీతలు గీసుకుని, మళ్లీ ఏటొడ్డునే కూర్చున్నారు చూడు. నేను యాభై ఏళ్లుగా ఏటికి వీపు పెట్టి కూర్చున్నా. పదవే ఝాన్సీ!"

"ప్రభువా" అంటూ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బోటెక్కేశారు!

మరి నేను? నా కాళ్లు రేవులోనే పాతుకుపోయాయి. నా కళ్లు ఆ గీత మీంచి దిగట్లేదు. నాకు ఈత రాదన్న సంగతి అప్పటిదాకా గుర్తే రాలేదండీ!

"రండి బాబూ, నేను పట్టుకుంటాగా" అని అత్తగారు చెయ్యి చాపారు. రెండో చెయ్యి మాత్రం బోటు కడ్డీని వదలట్లేదు. ఝాన్సీ ఫోన్ తీసి వీడియో మొదలెట్టింది. బోటతను తాడు విప్పేస్తున్నాడు.

చెప్పండి, నా చోట్లో మీరైతే ఏం చేసేవారు?